మడమల పెద్దమ్మ

లోకంలో మనుషులందరూ ఎదుటివాళ్ల మొహం చూసి పలకరిస్తారు. పెద్దమ్మ మాత్రం మడమ చూసి పలకరిస్తుంది.

ఇదేదో కోతలు కోయడం అనుకునేవాళ్లు ఆవిడ పనిచేసే చెప్పుల షాపుకి ఒకసారి వెళ్లి రావచ్చు. గాజు తలుపు తోసుకుని ఎవరు లోపలికొచ్చినా "రండి" అన్న మాట నేల దగ్గర్నుంచి వినిపిస్తుంది. కిందికి చూస్తే పొట్టి పీట మీద పెద్దమ్మ. కళ్లజోడు ముక్కు చివర, పాదం కొలిచే పలక ఒళ్లో. మీరు నోరు తెరిచేలోపు మీ కాలు ఆవిడ చేతిలో ఉంటుంది. మీరు బూట్ల కోసం వచ్చారా, పాలిష్ డబ్బా కోసం వచ్చారా, వాన పడుతుంటే తలదాచుకోవడానికి వచ్చారా అన్నది తర్వాతి సంగతి.

"ఏదీ, మడమ చూపించు."

వయసులో పెద్దవాళ్లయితే "చూపించండి" అంటుంది. అంతకు మించిన మర్యాద ఆ షాపులో దొరకదు.

మడమంటే ఉత్త మడమ కాదు. దానికి పైన, కాలి వెనక తాడులా బిగిసి ఉండే నరం ఉంటుందే, ఆవిడ గురి దాని మీద. బొటనవేలు ఒక పక్క, చూపుడువేలు ఒక పక్క పెట్టి, గుడ్డ నాణ్యం చూసినట్టు నొక్కి చూస్తుంది. సన్నగా తగిలితే "వెళ్లిరా నాయనా" అని కాలు వదిలేస్తుంది. లావుగా, ముడులు ముడులుగా తగిలిందా, ఇక వదలదు. "మీ నాన్న ఉన్నాడా, పోయాడా? ఎన్నో ఏట? ఛాతీ నొప్పితోనా? మరి మీ తాత?" బూట్లు కొనుక్కుందామని వచ్చిన మనిషి మూడు తరాల చావులు ఒప్పజెప్పి, రక్తపరీక్షల లాబ్ చిరునామా జేబులో పెట్టుకుని, పాత చెప్పులతోనే బయటపడ్డ సందర్భాలు చాలా ఉన్నాయి.

ఒకసారి ఎన్నికల్లో నిలబడ్డ పెద్దమనిషి ఫొటోలు తీసేవాళ్లని వెంటేసుకుని ఇంటింటికీ తిరుగుతూ ఆవిడ గుమ్మం ఎక్కాడు. "అమ్మా, ఓటు..." అన్నాడు. "ఓటు సంగతి తర్వాత చూద్దాం. మడమ చూపించండి" అంది. ఓటరు అడిగితే కాదనలేడు కదా. మర్నాడు పేపర్లో అభ్యర్థి గుమ్మం పట్టుకుని కొంగలా ఒంటికాలి మీద నిలబడ్డ ఫొటో వచ్చింది. ఓడిపోయాడు. ఫొటో వల్లే ఓడిపోయానని అందరి దగ్గరా మొత్తుకున్నాడు గానీ, ఆ రోజు పెద్దమ్మ తన చెవిలో చెప్పిన మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఈ పెద్దమ్మకి ఒక మరిది కొడుకున్నాడు. లిఫ్టు మెకానిక్. వయసు ముప్పై ఏడు. పుట్టినప్పట్నుంచీ ఈవిడ తెచ్చిన బూట్లే తొడుక్కుని, పుట్టినప్పట్నుంచీ ఈవిడ వల్ల సిగ్గుతో చచ్చిపోతున్నవాడు. అతని పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ సంతకాలు పెట్టారు. "సాక్షి ఏరీ?" అని అడిగిన రిజిస్ట్రారు మరుక్షణం కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. సాక్షి బల్ల కింద ఉంది.

"సన్నగానే ఉంది, కంగారు పడకండి" అంటూ పెద్దమ్మ పైకొచ్చి, చీర దులుపుకుని సంతకం పెట్టింది.

పెళ్లికూతురు నవ్వు ఆపుకోలేక పెన్ను కింద పడేసింది. మెకానిక్ మాత్రం ఆ తర్వాత ఏడాదిపాటు ఆ వీధి లిఫ్టులన్నీ వేరేవాడికి అప్పజెప్పాడు.

పెద్దమ్మ పిచ్చికి మూలం ఎక్కడుందో తెలియాలంటే మెకానిక్ వాళ్ల ఇంటి హాలు చూడాలి. గోడ మీద ఐదు ఫొటోలు. ముత్తాత, తాత, పెదనాన్న, నాన్న, బాబాయి. ఆ ఫొటోల కాపలా అంతా మేనత్తది. ఆవిడ ఆ పోయిన అన్నదమ్ములకి ఒక్కగానొక్క ఆడపడుచు. ఇంటికి కొత్తవాళ్లు ఎవరొచ్చినా కుర్చీ చూపించకముందే గోడ చూపిస్తుంది.

"అదిగో, మా తాత. నూలు మిల్లులో ఫోర్‌మన్. వరదొచ్చినప్పుడు మిల్లు గేటుకి మడమలు తన్నిపట్టి మూడు రోజులు నిలబడ్డాడు. ఆ బలం మా అందరి మడమల్లోకీ దిగింది. మా వంశం మడమ."

మెకానిక్ చిన్నప్పుడు ఆ వరద నీళ్లు ముత్తాతకి మోకాళ్ల దాకా ఉండేవి. అతను పని నేర్చుకునే రోజులకి నడుము దాకా వచ్చాయి. అతని పెళ్లినాటికి మెడ దాకా. అతని కూతురు బడిలో చేరేసరికి ముత్తాత పూర్తిగా మునిగిపోయాడు. మూడు రోజులు ఊపిరెలా పీల్చుకున్నాడని ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో అడగడం అలవాటు లేదు.

మగాళ్లు నలుగురు కలిస్తే ప్యాంటు పైకి లాగి మడమలు పోల్చుకునేవాళ్లు. "నీదేం ముడిరా, నాది చూడు" అనేవాళ్లు. మడమ ఒరుసుకుని బూట్ల వెనక తోలు చిరిగిపోతుంటే దాన్నీ ఒక గొప్పగానే చెప్పుకునేవాళ్లు: మామూలు బూట్లు మా కాళ్లకి ఆగవు.

రెండో గొప్ప ఇంకా పెద్దది. "మా మగాళ్లెవరూ మంచం పట్టరు. నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే రాజాల్లా వెళ్లిపోతారు" అంటుంది మేనత్త. నిజమే. ముత్తాత నలభై ఏడుకి వెళ్లిపోయాడు. తాత నలభై నాలుగుకి. పెదనాన్న నలభై ఒకటికి, నాన్న నలభై మూడుకి, బాబాయి ముప్పై తొమ్మిదికి. ముప్పై తొమ్మిదేళ్లకి గుండె పట్టుకుని కూలబడిపోవడంలో రాచరికం ఏముందో ఆ రాజుల పిల్లల్నే అడగాలి.

పైగా రాజులు ఊరికే పోరు. ఎవరో ఒకరు చంపాలి. ఆ ఎవరో ఒకరు ఇంట్లోనే సిద్ధంగా ఉంటుంది: పెళ్లాం.

ముత్తాతని ముత్తవ్వ ఉప్పు ఎక్కువేసి చంపింది. తాతని నానమ్మ నోటితో చంపింది. నాన్న పోయిన పొద్దున అమ్మ కుళాయి బాగుచేయించమని గొడవ పెట్టుకుంది, కాబట్టి కుళాయితో చంపింది. ఆ మాట పడలేక అమ్మ వేరే ఊళ్లో ఉన్న తన అక్క దగ్గరికి వెళ్లిపోయింది. బాబాయి పోయినప్పుడు పిన్ని ఊళ్లోనే లేదు, కాబట్టి లేకుండా పోయి చంపింది. ఇంట్లో ఉన్నావిడ ఉండి చంపింది, లేనావిడ లేక చంపింది. తప్పించుకునే దారి ఏదీ తెరిచి ఉంచలేదు.

ఇక పెద్దమ్మ. పెళ్లిరోజని షాపులోంచి మంచి తోలుబూట్లు తెచ్చి మొగుడికి తన చేత్తో తొడిగింది. ఆయన అవేసుకుని వీధి చివరిదాకా నడిచాడు, అంతే. అప్పుడావిడకి ముప్పై ఏడు, పిల్లల్లేరు. "కొత్త బూట్లు తొడిగి మరీ సాగనంపింది, మొగుణ్ణి మింగింది" అంది మేనత్త. ఆ మాట పాతికేళ్లుగా ఆ ఇంట్లో ఆరో ఫొటోలా వేలాడుతోంది.

పెద్దమ్మ పడి ఊరుకునే రకం కాదు.

"ఏమమ్మాయ్, నాకు తెలీకడుగుతాను" అంటుంది, హాల్లో నడుం మీద చేతులు పెట్టుకుని. "ఐదుగురు ఆడవాళ్లం. ఐదు ఊళ్లవాళ్లం. కొందరు పుట్టేసరికి కొందరు పోయారు కూడా. మేమంతా కూడబలుక్కుని, మీ ఇంటి మగాళ్లని చంపడానికి వరసగా పెళ్లి చేసుకుని వచ్చామా? ఏం దోచుకుందామని? ఆ గోడ గడియారమా? అది నడిచి ఎన్నేళ్లయింది?"

"మాటలకేం వదినా, నీకు మొదట్నుంచీ ఎక్కువే" అంటుంది మేనత్త.

"మాటలు కాదు, లెక్క చెప్తున్నా. మారిన పెళ్లాల్ని పట్టుకున్నావు. మారకుండా వస్తున్నదేంటో చూడవేం? ఆ ఐదుగురి కాళ్లూ చూడు."

"మా వంశం మడమ గురించి ఒక్క మాటన్నావంటే ఊరుకోను."

అక్కడితో ఆగిపోయేది. మళ్లీ వచ్చే నెల అదే హాలు, అదే గడియారం, అదే మాట.

ఆవిడకి ఆ లెక్క చెప్పింది పుస్తకం కాదు, ఒక గిరాకీ. బాబాయి పోయిన రెండేళ్లకి, ఏ సంబంధమూ లేని ఒక టైపిస్టు షాపుకొచ్చింది. కాలు పట్టుకుంటే సరిగ్గా అదే ముడి. పెద్దమ్మ పీట మీంచి పడబోయింది. "ఇదా? కొవ్వండీ" అంది టైపిస్టు మామూలుగా. "మా ఇంట్లో తరతరాలుగా వస్తోంది. మా అన్నయ్య దీనివల్లే పోయాడు. నాకు ముందే తెలిసింది కాబట్టి రోజూ బిళ్ల వేసుకుంటాను, ఏమీ లేదు." ఏమీ లేదట. ఒక బిళ్లతో ఏమీ లేనిదానికి ఐదుగురు మగాళ్లు పోయారు, ఐదుగురు ఆడవాళ్లు హంతకులయ్యారు. ఆ రోజు పెద్దమ్మకి దుఃఖం రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఆ మంట పదహారేళ్లయినా చల్లారలేదు.

పెద్దమ్మ ఆ టైపిస్టుకి మందిచ్చే డాక్టర్ని వెతుక్కుంటూ వెళ్లి సంగతంతా అడిగి వచ్చింది. అడిగినదాన్ని తన భాషలోకి మార్చుకుంది. ఆ పాఠం మెకానిక్‌కి కంఠతా వచ్చు. వద్దన్నా చెప్తుంది మరి.

"మనిషి ఒంట్లో ప్రతిదానికీ ఒక జత ఉంటుందిరా. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. జన్యువులంటారు వాటిని. మీ ముత్తాత జతలో ఒకటి దెబ్బతిన్నది. అది ఉంటే రక్తంలో కొవ్వుని లివరు సరిగ్గా లాగెయ్యలేదు. వెన్న తిన్నా, వట్టి గంజి తాగినా పేరుకుంటూనే ఉంటుంది, గుండె గొట్టాల్లోనూ, మడమ నరంలోనూ. బిడ్డకి ఇచ్చేటప్పుడు పెట్టె మూత తియ్యకుండా చెయ్యి పెట్టి రెంట్లో ఒకటి తీసిస్తారు. మంచిది చేతికొస్తే ఆ బిడ్డకీ, ఆ బిడ్డ పిల్లలకీ ఇక ఈ గొడవే ఉండదు. చెడ్డది వస్తే ఇంకో ఇంటికి ఇంకో ఫొటో. మగా ఆడా తేడా లేదు. ఇచ్చేవాడికీ తెలీదు, పుచ్చుకునేవాడికీ తెలీదు. నువ్వు తెలుసుకో. లాబ్‌కి పద."

"పనుంది పెద్దమ్మా."

పదేళ్లుగా అతనికి పనుంది. అసలు సంగతి భయం. ఏడో అంతస్తు పైనున్న మెషిన్ రూముకి మెట్లెక్కుతూ నాలుగో అంతస్తులో ఆగి, గోడ మీద నోటీసు చదువుతాడు. నిప్పంటుకున్నప్పుడు లిఫ్టు వాడరాదు. బాగా చదువుతాడు. కామాలతో సహా చదువుతాడు. ఈ మధ్య రెండో అంతస్తులో ఉన్న నోటీసు కూడా చదవడం మొదలుపెట్టాడు. ఊపిరి కోసం ఆగాడని మాత్రం ఒప్పుకోడు.

అతని భార్య బేకరీలో కేకుల మీద పూలు వేసి పేర్లు రాస్తుంది. ఒకరోజు కూతురు హోంవర్కు చేసుకుంటుండగా చేతి వేళ్లకి అంటిన రంగు కడుక్కుంటూ మొదలుపెట్టింది.

"మీ మేనత్త నిన్న ఏమందో తెలుసా? 'నీకేం తల్లీ, పొద్దస్తమానం వెన్నలో చేతులు పెట్టుకుని ఉంటావు, మా వాడికి ఆ వాసన కూడా మంచిది కాదేమో' అంది."

"ఆవిడ మాటలకేంలే."

"నీకింకా ముప్పై ఏడే. నా మీద కేసు ఇప్పట్నుంచే రాసిపెడుతున్నారు. ఉప్పు అయింది, కుళాయి అయింది, బూట్లయ్యాయి. నువ్వు పోతే రేపు నా పేరు వెన్న. నేను మీ పెద్దమ్మంత గట్టిదాన్ని కాదు. పాతికేళ్లు ఆ మాట మొయ్యలేను. నీ పిల్ల విని తట్టుకోలేదు."

కూతురు పెన్సిలు ఆపి తండ్రి వైపు చూసింది. అతను లేచి, బాగానే ఉన్న ఫ్యాన్ రెగ్యులేటరు విప్పడం మొదలుపెట్టాడు.

ఆ ఆదివారం కూతురికి బడి బూట్లు కొనడానికి షాపుకి వెళ్లారు. జనం కిటకిటలాడుతున్నారు. పిల్లకి బూట్లయ్యాయి. పెద్దమ్మ పీట అతని వైపు జరిగింది.

"ఏదీ, మడమ..."

"నాకొద్దు పెద్దమ్మా."

అప్పటికే కాలు చేతిలో ఉంది. బూటు విప్పింది, నొక్కింది. "పోయినేడు పెసరగింజంత ఉంది. ఇప్పుడు బఠాణీ" అంది, షాపంతా వినిపించేలా. ఇద్దరు ముగ్గురు తలలు తిప్పారు. ఎవరో కిసుక్కుమన్నారు.

అతనికి ఎక్కడలేని కోపం వచ్చింది. కోపమో భయమో, రెండూ ఒకే గొంతుతో వచ్చాయి. "పెదనాన్నకి బూట్లు తొడిగావు, పోయాడు. ఇప్పుడు నాకు తొడుగుతున్నావు. నన్ను వదిలెయ్."

పదేళ్లు నిండని అతని కూతురు "నాన్నా" అంది, అంతే.

పెద్దమ్మ పాదం కొలిచే పలక తీసి పక్కన పెట్టింది. తర్వాత మోకాళ్లు టకటకమంటుండగా లేచింది. "విప్పిన బూటు పట్టుకుని లోపలికి రా" అంది.

వెనక గది నిండా అట్టపెట్టెలు. మూలనున్న ఇనుప అలమారా తాళం తీసింది. లోపల వరసగా ఐదు బూట్లు, ఒక్కో జతలో ఒక్కోటి. మొదటిది ఎండిన గుమ్మడితొక్కలా నల్లగా ముడుచుకుపోయి ఉంది. మేనత్త అటక సర్దుతూ చెత్తలో పారేస్తే పెద్దమ్మ ఏరి తెచ్చుకుందట. చివరి దాని లేసులు ఇంకా కట్టినట్టే ఉన్నాయి. అన్నీ గోడ వైపు తిరిగి, వీపులు చూపిస్తున్నాయి. ఐదింటికీ మడమ పైన, ఒకే చోట, లోపల్నుంచి ఎవరో వేలు పెట్టి పొడిచినట్టు ఒకే ఉబ్బు.

"మీ హాల్లో వేలాడేది ఫొటోలు. మీ వంశవృక్షం ఇది" అంది పెద్దమ్మ. "నీది పెట్టు."

నాలుగో బూటు నాన్నది. అతను గుర్తుపట్టాడు. పక్కన జాగా చూసి తన బూటు పెట్టాడు. దాని వీపున కూడా అదే ఉబ్బు. తోలు కొత్తది, అంతే తేడా.

అతను రెండు ఉబ్బుల మీదా బొటనవేలు పెట్టి చూశాడు. ఆ తర్వాత, "పెద్దమ్మా, ఇందాక నేనన్నది..." అన్నాడు.

"అది నీ మాట కాదులే. అదీ ఆ మడమలాంటిదే. మీ వాళ్లు నీకిచ్చారు, నువ్వు తెలీకుండా పుచ్చుకున్నావు. దానికి బిళ్ల మాత్రం లేదు. నీ నోటితో నువ్వే ఆపాలి." అలమారా మూయబోయి, అతని బూటు తీసి చేతిలో పెట్టింది. "నీది ఇక్కడ ఉండటానికి వీల్లేదు. రేపు ఏడున్నరకి లాబ్‌కి రా. ఏమీ తినకు. కాఫీ కూడా తాగకు."

మర్నాడు ఏడున్నరకి ముందే అతను లాబ్ వరండాలో అడుగుపెట్టాడు. గోడవారగా కుర్చీలు, ఒక బరువు తూచే యంత్రం. మొదటి కుర్చీలో ఎవరో పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నారు. మెకానిక్ పేపరు కిందికి వంచాడు. సొంత తమ్ముడు.

"నువ్వేంట్రా ఇక్కడ? నీ మడమ సన్నం కదా."

"సన్నగా ఉన్నవాళ్లక్కూడా ఉండొచ్చటన్నయ్యా. మడమ చెప్పకపోతే రక్తం చెప్తుందంది పెద్దమ్మ. నాకు ఆరేళ్లయింది. బిళ్లలేసుకుంటున్నా."

"నాతో చెప్పలేదేం?"

"నాకొక్కడికే అనుకున్నాను."

అవతలి కుర్చీలో బాబాయి కూతురు, ఇరవై నాలుగేళ్ల చెల్లెలు, స్నేహితురాలికి తోడొచ్చానని చెప్పింది. స్నేహితురాలు ఏదీ అంటే బరువు యంత్రం వైపు చూపించింది. దాని వెనక మేనత్త కొడుకు, వరసకి బావ, ఫ్యాన్ బాగుచేయడానికి వచ్చానన్నాడు. అతను మంగలి. పక్కన అతని పదేళ్ల కూతురు "నాన్నా, మనం రక్తం ఇవ్వడానికి కదా వచ్చింది" అంది. స్తంభం చాటున నల్లకళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన మొహం తిప్పుకున్నాడు. ఎక్కడో చూసినట్టుందే అనుకుని, ఒంటికాలి మీద ఊహించుకునేసరికి గుర్తొచ్చాడు. ఓడిపోయిన అభ్యర్థి.

చివరి కుర్చీలో ముసుగేసుకుని ఒకావిడ. తల నుంచి చీలమండల దాకా శాలువా. మెకానిక్ వంగి కిందికి చూశాడు. జీవితంలో మొదటిసారి అతను మొహం కంటే ముందు మడమ చూశాడు. ముత్తాత వరదని ఆపిన మడమ.

"అత్తా."

శాలువా అంచు మడమల మీదికి జరిగింది.

"అత్తా, నువ్వని తెలుసు. ఎన్నేళ్లయింది?"

"పదకొండు" అంది శాలువా.

"పదకొండేళ్లుగా పెద్దమ్మ చెప్పిన బిళ్లలు మింగుతూ, పెద్దమ్మ మొగుణ్ణి మింగిందంటున్నావా? నిన్నగాక మొన్న నా పెళ్లాం వెన్న దగ్గరికి కూడా వెళ్లావు కదా."

శాలువా దిగింది. మేనత్త మొహం ఎర్రబడి ఉంది. "మరి ఏమనమంటావురా? నా అన్నదమ్ముల్ని మా నాన్నే చంపాడని, ఆయన్ని మా తాత చంపాడని అనమంటావా? బయట్నుంచి వచ్చినవాళ్లని అనడం తేలిక. అన్నాను."

"ఎవరూ చంపలేదమ్మాయ్." పెద్దమ్మ వాకిట్లో నిలబడి ఉంది. "వాళ్లకి తెలీదు. తెలీకుండా ఇచ్చినదాంట్లో పాపం లేదు. నీకు తెలుసు. తెలిశాక కూడా నన్నన్నావు చూడు, అక్కడ మండింది నాకు."

"అయితే నాకూ ఉందని నలుగురిలో ఎందుకు అనలేదు వదినా? అంటే నా నోరు ఆ రోజే మూతపడేదిగా."

"ఎలా అంటాను? నీకుందంటే నీ కొడుక్కుందా అంటారు. వాడి కూతురికుందా అంటారు. ఈ పిల్లకి సంబంధాలు చూసేటప్పుడు లోకం దీని కాళ్ల వైపే చూస్తుంది" అంది, చెల్లెలి వైపు గడ్డం ఊపుతూ. "అందుకే ఊరందరి కాళ్లూ పట్టుకున్నాను. మీ ఐదారుగురి మడమలే చూస్తే మీకు జబ్బని పేరొస్తుంది. కనబడ్డవాడి మడమల్లా చూస్తే నాకు పిచ్చని పేరొస్తుంది. నాకెలాగూ ఒక పేరుంది, పక్కన ఇంకోటి పెట్టుకుంటే బరువేంటి?"

మెకానిక్‌కి రిజిస్ట్రారు ఆఫీసు బల్ల గుర్తొచ్చింది. సాక్షి దాని కింద ఎందుకు దూరిందో ఇప్పుడు తెలిసింది. ఆ రోజు పక్కనే ఉన్న అతని మడమ కూడా చూసే ఉంటుంది.

"మరివాళ అందర్నీ ఒకేసారి ఎందుకు రమ్మన్నావు?" అన్నాడు తమ్ముడు. "ఎప్పుడూ తలా ఒక రోజు పంపేదానివి."

"రేపట్నుంచీ లాబ్‌కి రంగులేస్తారట, మూసేస్తారట" అంది పెద్దమ్మ గోడ వైపు చూడకుండా. ఆ గోడలు రంగు మొహం చూసి పదేళ్లయి ఉంటుంది. రేపు రంగేసే సూచనలూ లేవు. అబద్ధమాడటం ఆవిడకి ఇంకా సరిగ్గా రాలేదు.

అప్పుడు గుమస్తా తలుపు తీశాడు. చేతిలో గాజు గొట్టాల ట్రే. వరండాలో పేర్లు అరవకూడదని పెద్దమ్మ పదహారేళ్ల కిందట పెట్టిన షరతు ప్రకారం, ఎప్పటిలాగే పిలిచాడు.

"పెద్దమ్మ తాలూకు వాళ్లెవరు?"

ఎవరూ కదల్లేదు. అలవాటు. తమ్ముడు పేపరు ఎత్తుకున్నాడు, బావ ఫ్యాన్ వైపు చూశాడు. పెద్దమ్మ ఎవరి వైపూ చూడలేదు.

మెకానిక్ లేచాడు. "నేను" అన్నాడు.

తమ్ముడు పేపరు మడిచి లేచాడు. చెల్లెలు లేచింది. బావ లేచేలోపే అతని కూతురు చెయ్యెత్తి గుమస్తా ముందు నిలబడింది. స్తంభం చాటు పెద్దమనిషి కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "నేనూ ఆవిడ తాలూకే" అన్నాడు, ఎన్నికల్లో ఎన్నడూ పలకనంత మెల్లగా. అందరికంటే ఆఖర్న మేనత్త లేచింది, శాలువా కుర్చీలోనే వదిలేసి.

"ఏడుగురా?" అన్నాడు గుమస్తా కంగారుగా, ట్రే వైపు చూసుకుంటూ. పెద్దమ్మ తన దగ్గరికి రావడం చూసి, ఆవిడ అడక్కముందే ప్యాంటు అంచు పైకి లాగి కాలు ఎత్తాడు. పాపం, పదహారేళ్ల అలవాటు.

మెకానిక్ రక్తంలో కొవ్వు ఉండాల్సినదానికి మూడింతలు ఉంది. గుండె గొట్టాలు ఒక చోట సన్నబడ్డాయన్నారు, సమయానికి వచ్చావన్నారు. ఇప్పుడు రోజూ బిళ్లలు వేసుకుంటాడు. నాలుగో అంతస్తు నోటీసు చదివి చాలా రోజులైంది. కూతురికి కూడా పరీక్ష చేయించారు. పెట్టెలోంచి దానికీ చెడ్డదే చేతికొచ్చింది. మెకానిక్ ఆ కాగితం మడిచి జేబులో దాచబోయాడు. పెద్దమ్మే లాక్కుని చదివింది. "మీ ముత్తాతకి నలభై ఏడేళ్లయినా తెలీనిది దీనికి తొమ్మిదేళ్లకే తెలిసింది. ఇది ముసలిదై నాలాగా జనాన్ని పీక్కుతింటుంది, చూస్తూ ఉండు" అంది.

ఆ పిల్ల పదో పుట్టినరోజుకి వాళ్లమ్మ తన చేత్తో కేకు చేసింది. పైన పువ్వు బదులు ఒక బూటు బొమ్మ వేసింది. వచ్చినవాళ్లకి మేనత్త ఎప్పటిలాగే గోడ చూపించింది గానీ, వరద నీళ్లు మళ్లీ మోకాళ్లకి దిగాయి. ఫొటోల కింద చిన్న చీటీలు కూడా అంటించింది. ఎవరు ఎన్నో ఏట దేనివల్ల పోయారో రాసి ఉంది. ఉప్పు లేదు, కుళాయి లేదు, బూట్లు లేవు.

అంతలో బావ తరఫు చుట్టం ఒకావిడ, ఇంటికి కొత్త, పెద్దమ్మ వైపు చూస్తూ పక్కావిడ చెవిలో గుసగుసలాడింది. "ఈవిడేనా, మొగుడికి కొత్త బూట్లు తొడిగి..."

మేనత్త కేకు పళ్లెం బల్ల మీద పెట్టింది. వెళ్లి ఆ చుట్టం ఎదురుగా నేల మీద చతికిలబడింది.

"ఆ మాటలన్నీ తర్వాత. ఏదీ, ముందు నీ మడమ చూపించు."

చుట్టం కెవ్వుమంది. గదికి ఆ చివర్నుంచి పెద్దమ్మ నోటినిండా కేకుతో విసుక్కుంది.

"అలా గిల్లకమ్మాయ్. బొటనవేలితో నొక్కాలి. ఎన్నిసార్లు చెప్పాను?"